జర్మన్ షెపర్డ్ కిడ్నీలో వంశపారంపర్య కణితులు: స్కానింగ్ చూపేది, చూపలేనిది

జర్మన్ షెపర్డ్ కుక్కల్లో కొన్ని వంశాలను పట్టుకుని తరతరాలుగా వచ్చే కిడ్నీ క్యాన్సర్ ఒకటి ఉంది. రెండు కిడ్నీల్లోనూ ఒకేసారి అనేక చోట్ల నీటితిత్తులు లేస్తాయి. వాటి గోడల్లోనూ, వాటి పక్కనా గట్టి కణితులు పెరుగుతాయి. చర్మం కింద బుడిపెలు కడతాయి. ఆడకుక్కలకైతే గర్భసంచిలో కండరపు గడ్డలు కూడా తరచుగా కనిపిస్తాయి. పశువైద్య గ్రంథాలు దీనికి రీనల్ సిస్టడినోకార్సినోమా అండ్ నాడ్యులర్ డెర్మటోఫైబ్రోసిస్ అని బారెడు పేరు పెట్టాయి. పశువైద్యులు పొడి అక్షరాలతో ఆర్.సి.ఎన్.డి. అని సరిపెట్టుకుంటారు. కుక్కల్లో కిడ్నీలోనే పుట్టే క్యాన్సర్లు మొత్తం మీద అరుదు. వాటిలోనూ వంశపారంపర్యంగా వస్తుందని రుజువైనవి మరీ అరుదు. అయినా ఈ జబ్బు మీద జరిగిన పరిశోధన దాని అరుదుదనాన్ని మించిపోయింది. కిడ్నీని బొమ్మగా చూసే ప్రతి పద్ధతికీ ఉన్న బలమూ బలహీనతా ఇందులో బయటపడటం అందుకు ఒక కారణం. మనుషుల జబ్బు ఒకదానికి ఇది అచ్చంగా జోడు కావడం రెండో కారణం.

1983లో ఆరు అల్సేషియన్ కుక్కల ఒంటినిండా లేచిన నార బుడిపెల గురించి ఒక పరిశోధన పత్రం వెలువడింది. తెలుగునాట కూడా జర్మన్ షెపర్డ్‌కు నిన్నమొన్నటిదాకా ఉన్న పేరు అల్సేషియనే. రెండేళ్లకు, 1985లో, నార్వేకు చెందిన బ్యోర్న్ లియుమ్, లార్స్ మో చర్మపు బుడిపెలనూ కిడ్నీ కణితులనూ ఒకే జబ్బుకు రెండు ముఖాలుగా నిలబెట్టారు. జబ్బు కుక్కల కిడ్నీలను కోసి చూసి, సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, ఇది వంశపారంపర్యమని వాదించారు. 1997లో అదే ఇద్దరూ 51 కుక్కల వివరాలను ఒకచోట చేర్చారు. ఆ కుక్కల్లో చర్మపు బుడిపెలు సగటున ఆరేళ్లు దాటాక కంటపడ్డాయి. మరణం సగటున తొమ్మిదేళ్ల ప్రాంతంలో వచ్చింది. ఆ ఏడాదే ఈ కిడ్నీలు సి.టి. స్కాన్‌లో ఎలా కనిపిస్తాయో వివరిస్తూ మరో పత్రం ప్రచురించారు. అప్పటికి పశువైద్యంలో సి.టి. యంత్రం దొరకడమే గొప్ప.

పెంచేవారి చేతికి ముందుగా తగిలేది చర్మం. కాళ్లమీదో, తలమీదో, వీపుమీదో దువ్వెన ఆడిస్తుంటే దట్టమైన బొచ్చు కింద ఏదో అడ్డుతగులుతుంది. కందిగింజంత మొదలుకొని రెండు మూడు సెంటీమీటర్ల దాకా ఉండే ఆ బుడిపె గట్టిగా ఉంటుంది, నొక్కితే నొప్పి ఉండదు, చర్మంతోపాటు కదులుతుంది. కోసి చూస్తే లోపల ఉండేది కొల్లాజెన్ నారే. అది క్యాన్సర్ కాదు, ప్రాణం మీదికి తేదు. పాదాల మీద లేచినవి ఒరుసుకుని పుండు పడితే కుక్క కుంటుతుంది, అంతే. కానీ నడివయసు జర్మన్ షెపర్డ్ ఒంటిమీద ఇలాంటి బుడిపెలు ఒకటికి నాలుగు కనిపిస్తే పొట్ట స్కానింగ్ చేయించకుండా పంపడం తప్పు. వాటిని కొవ్వుగడ్డలని కొట్టిపారేయడం సులువు. అయితే కొవ్వుగడ్డ వేలికి మెత్తగా తగులుతుంది, ఇది అలా తగలదు. సందేహం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే తేలిపోతుంది.

రక్తపరీక్ష ఈ జబ్బును తొందరగా పట్టుకోదు. కిడ్నీల పనితీరులో దాదాపు ముప్పాతిక వంతు పోతే తప్ప రక్తంలో క్రియాటినిన్ స్పష్టంగా పెరగదు. తిత్తులూ కణితులూ ఎంత పెరిగినా, వాటి మధ్య మిగిలిన మంచి కణజాలం ఏళ్ల తరబడి పని నెట్టుకొస్తుంది. మూత్రంలో రక్తం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, అతిదాహం వంటి లక్షణాలన్నీ ఆలస్యంగానే వస్తాయి. కాబట్టి కిడ్నీ లోపలి సంగతి తెలియాలంటే దాని బొమ్మ చూడక తప్పదు.

ఏ బొమ్మలో ఏం వెతకాలో చెప్పేది జన్యుశాస్త్రం. 2000లో ఓస్లోలోని ఫ్రోడ లింగోస్ బృందం, అమెరికాలోని ఎలేన్ ఆస్ట్రాండర్ బృందంతో కలిసి, ఈ జబ్బుకు కారణమైన జన్యువు కుక్కల 5వ క్రోమోజోము మీద ఉందని గుర్తించింది. మనుషుల్లో బర్ట్-హాగ్-డ్యూబే సిండ్రోమ్ అనే జబ్బు ఉంది. 1977లో ముగ్గురు కెనడా వైద్యులు దానిని వర్ణించారు. అందులోనూ చర్మంమీద బుడిపెలు వస్తాయి, కిడ్నీలో కణితులు పెరుగుతాయి, వాటితోపాటు ఊపిరితిత్తుల్లో గాలితిత్తులు ఏర్పడతాయి. దాని జన్యువు 2002లో దొరికింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీనుకు ఫోలిక్యులిన్ అని పేరు. కుక్కల్లో వెతకాల్సిన చోటు దీంతో తెలిసిపోయింది. 2003లో అదే జన్యువులో, 7వ ఎక్సాన్ అనే భాగంలో, ఒకే ఒక్క డి.ఎన్.ఎ. అక్షరం మారినట్టు తేలింది. ఆ మార్పువల్ల ప్రొటీనులో 255వ స్థానంలో హిస్టిడిన్ ఉండాల్సిన చోట ఆర్జినిన్ వచ్చి కూర్చుంటుంది.

ఈ లక్షణం బహిర్గతం, అంటే తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఆ జన్యువు చెడ్డ ప్రతి ఒక్కటి వచ్చినా చాలు. రెండు ప్రతులూ చెడిన పిల్లలు కడుపులోనే పోతాయని పరిశోధకుల అంచనా. చెడ్డ ప్రతి ఒకటున్న కుక్క ఒంట్లో ప్రతి కణంలోనూ మంచి ప్రతి ఒకటి ఇంకా మిగిలే ఉంటుంది. మరి కణితి ఎందుకు పుడుతుంది? ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ 1971లో పిల్లల కంటి క్యాన్సర్ విషయంలో ప్రతిపాదించిన రెండు దెబ్బల సూత్రమే ఇక్కడా జవాబు. మొదటి దెబ్బ పుట్టుకతోనే తగిలి ఉంటుంది. కిడ్నీలోని కోట్ల కణాల్లో ఏ కణంలోనైనా, ఎప్పుడైనా, రెండో ప్రతి కూడా పాడైతే ఆ కణం అదుపు తప్పుతుంది. అందుకే కణితులు ఒకచోట కాదు, అనేక చోట్ల పుడతాయి. రెండు కిడ్నీల్లోనూ, వేర్వేరు వయసుల్లో, వేర్వేరు పరిమాణాల్లో ఉంటాయి. నార్వే పరిశోధకులు ఆ తర్వాత మరో సంగతి కూడా గమనించారు. అప్పుడే మొలిచిన చిన్న తిత్తుల్లోని కణాల్లో సైతం రెండో ప్రతి పోయి ఉంటోంది. స్కానింగ్ చేసేవారికి ఇది చాలా ముఖ్యం. ముసలి కుక్క కిడ్నీలో ఒంటరిగా కనిపించే నీటితిత్తిని మామూలుగా పట్టించుకోరు. ఈ వంశపు కుక్కలో మాత్రం ఐదు మిల్లీమీటర్ల తిత్తి కూడా కణితి దారిలో తొలి అడుగే.

మామూలు ఎక్స్‌రే విషయం తొందరగానే ముగుస్తుంది. కిడ్నీ చుట్టూ ఉన్న కొవ్వువల్ల దాని అంచు తెలుస్తుంది, లోపలి సంగతి తెలియదు. ఎక్స్‌రేకు నీటితిత్తి, గట్టి కణితి, మంచి కిడ్నీ మూడూ ఒకే బూడిదరంగు. వెల్లకిలా పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఆరోగ్యమైన కుక్క కిడ్నీ పొడవు, రెండో నడుము వెన్నుపూస పొడవుకు రెండున్నర నుంచి మూడున్నర రెట్లు ఉండాలి. అంతకు మించితే, అంచు గుబ్బలు గుబ్బలుగా ఉంటే అనుమానించాలి. అయితే ఆ దశకు వచ్చేసరికి జబ్బు బాగా ముదిరి ఉంటుంది. రక్తనాళంలోకి అయోడిన్ మందు ఎక్కించి వరసగా ఎక్స్‌రేలు తీసే పద్ధతిలో కిడ్నీ వెలిగి, తిత్తులున్న చోట నల్లటి ఖాళీలు పడతాయి. అల్ట్రాసౌండ్ అందరికీ అందుబాటులోకి వచ్చాక దానిని దాదాపు వదిలేశారు. ఊపిరితిత్తులకు క్యాన్సర్ పాకిందా అన్నది చూడటానికి మాత్రం ఛాతీ ఎక్స్‌రే ఇప్పటికీ తీస్తారు.

నిజమైన పని అల్ట్రాసౌండ్‌తో మొదలవుతుంది. కుక్కను వెల్లకిలా, అటూ ఇటూ దొర్లకుండా పట్టే పరుపుమీద పడుకోబెడతారు. పొట్టమీద బొచ్చు గొరిగి, స్పిరిట్‌తో తుడిచి, జెల్ పూస్తారు. ఎడమ కిడ్నీ సులువుగానే దొరుకుతుంది. చివరి పక్కటెముక దాటగానే, ప్లీహం మీదుగా చూస్తే స్పష్టంగా పడుతుంది. చిక్కంతా కుడి కిడ్నీతోనే. అది ఇంకా ముందుకు, కాలేయపు గుంటలో ఒదిగి, పక్కటెముకల కింద ఉంటుంది. జర్మన్ షెపర్డ్‌లాంటి లోతైన ఛాతీ ఉన్న కుక్కలో అయితే చివరి పక్కటెముకల సందుల్లోంచి ప్రోబ్ పెట్టి చూడాల్సి వస్తుంది. పేగుల్లో గాలి ఉంటే ఆ చూపూ పోతుంది. అందుకే ముందురోజు రాత్రి నుంచి తిండి పెట్టకుండా తీసుకురమ్మంటారు. ఎడమ కిడ్నీని చూసి, కుడిదాని ముందుకొన దొరకక, బాగానే ఉన్నట్టుందని రాసిచ్చే రిపోర్టులు ఈ జబ్బులో ప్రమాదం. కొన నుంచి కొన దాకా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పూర్తిగా తుడిచినట్టు చూస్తేనే ఆ కిడ్నీని చూసినట్టు లెక్క.

ఆరోగ్యమైన కిడ్నీలో వెలుపలి వల్కలం బూడిదరంగులో, లోపలి దవ్వ అంతకంటే నల్లగా, నడిమధ్య కొవ్వుతో కూడిన భాగం తెల్లగా కనిపిస్తాయి. వల్కలానికీ దవ్వకూ మధ్య గీత గీసినట్టు ఉంటుంది. నీటితిత్తి గుండ్రంగా, నిండు నలుపుగా, పలచటి అంచుతో ఉంటుంది. ధ్వని నీటిలోంచి అడ్డంకి లేకుండా పోతుంది కాబట్టి తిత్తి వెనకాల ఒక తెల్లటి చార పడుతుంది. ఆర్.సి.ఎన్.డి. కిడ్నీలో వల్కలానికీ దవ్వకూ మధ్య గీత చెదిరిపోయి ఉంటుంది. చిన్నా పెద్దా నల్లటి గుంటలు విచ్చలవిడిగా కనిపిస్తాయి. కొన్నిటి లోపలి గోడ నుంచి ఆకుల్లాంటి మొలకలు లోనికి పొడుచుకొచ్చి ఉంటాయి. కొన్ని తిత్తుల్లో రక్తం చేరి లోపలి నలుపు మసకబారుతుంది. అంచు గుబ్బలుగా ఉబ్బుతుంది. కలర్ డాప్లర్ పెడితే గట్టి భాగంలో రక్తప్రసరణ ఉందో లేదో తెలుస్తుంది. అల్ట్రాసౌండ్ నిస్సహాయంగా నిలబడేది ఒకచోటే. తిత్తి కట్టకుండా గట్టిగానే మొదలై, వల్కలంతో సమానమైన బూడిదరంగులో ఉండే చిన్న కణితి దాని కంటపడదు. అంచును ఉబ్బించేంత పెరిగాకే పట్టుబడుతుంది.

ఆ లోటును సి.టి. చాలావరకు పూడుస్తుంది. గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రం 1971లో లండన్‌లో తొలి రోగి తలను చిత్రించింది. 1979లో ఆయనకూ అలన్ కార్మాక్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. యంత్రం బొమ్మలోని ప్రతి చుక్కకూ ఒక సంఖ్య ఇస్తుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, కాంట్రాస్ట్ మందు ఎక్కించని కిడ్నీకి ముప్పై నలభై ప్రాంతం. తిత్తిలోని పలచటి ద్రవం సున్నాకు దగ్గరగా ఉంటుంది. అంటే కంటికి ఒకేలా కనిపించినా తిత్తినీ గట్టి కణజాలాన్నీ అంకె విడదీస్తుంది.

కుక్క కదలకుండా ఉండాలంటే పూర్తి మత్తు కావాలి. తిత్తులతో నిండిన కిడ్నీలున్న కుక్కకు మత్తివ్వడం చిన్న సంగతి కాదు. ముందుగా క్రియాటినిన్ చూసి, సెలైన్ పెట్టి, రక్తపోటు గమనిస్తూ ఇస్తారు. మొదట కాంట్రాస్ట్ లేకుండా ఒకసారి, ఆ తర్వాత అయోడిన్ కాంట్రాస్ట్ ఎక్కించి వెంటవెంటనే మరికొన్నిసార్లు స్కాన్ చేస్తారు. మందు ముందుగా వల్కలాన్ని వెలిగిస్తుంది. కొద్దిసేపటికి వల్కలమూ దవ్వా సమానంగా వెలుగుతాయి. కణితి వేట సాగాల్సింది ఈ రెండో దశలోనే. మంచి కణజాలమంతా తెల్లగా వెలుగుతుంటే, మందును అంతగా పీల్చని కణితి మచ్చలా బయటపడుతుంది. తొలిదశ బొమ్మలే చూసి ఊరుకుంటే దవ్వలోని సహజమైన నలుపు ఒక మచ్చను దాచేయవచ్చు, లేదా లేని మచ్చను చూపించవచ్చు.

నీటితిత్తా, గట్టి కణితా అన్న ప్రశ్నకు జవాబు రెండు స్కాన్‌ల తేడాలో ఉంది. తిత్తిలో రక్తప్రసరణ ఉండదు కనుక మందుకు ముందూ తర్వాతా దాని అంకె మారకూడదు. మనుషుల వైద్యంలో ఆ అంకె ఇరవై యూనిట్లకు పైగా పెరిగితే గట్టి కణజాలం ఉన్నట్టే లెక్కిస్తారు. పశువైద్యులు కూడా ఆ వైపే మొగ్గుతారు. మొండిగా పాటించాల్సిన నియమం మాత్రం కాదిది. బాగా వెలిగిన కిడ్నీ మధ్యలో ఉన్న చిన్న తిత్తి అంకె, లెక్కల్లోని లోపంవల్ల, పెరగకుండానే పెరిగినట్టు కనిపిస్తుంది. సి.టి. ఒంటిని పలచటి ముక్కలుగా చిత్రిస్తుంది, ఆ ముక్కల మందం మరో సమస్య. ముక్క మందం కంటే కణితి చిన్నదైతే దాని అంకె పక్కనున్న మంచి కణజాలంతో కలిసిపోయి సగటైపోతుంది. 1990ల నాటి యంత్రాలు ముక్కకు కొన్ని మిల్లీమీటర్ల మందంతో పనిచేసేవి. నేటి యంత్రాలు ఒక మిల్లీమీటరు లోపే తీస్తాయి. ఆనాటి పత్రాల్లో కనబడలేదని రాసినదాన్ని లేదని చదవకూడదు.

పొట్ట సి.టి. తీసేటప్పుడు కిడ్నీల దగ్గర ఆగిపోకూడదు. ఆడకుక్కకు గర్భసంచి, నడుము లింఫ్ గ్రంథులు, కాలేయం, అదే మత్తులో ఛాతీ కూడా చూడాలి. పెద్ద సిరలోకి కణితి చొచ్చుకుపోయిందేమో గమనించాలి. ఊపిరితిత్తుల్లో కొద్ది మిల్లీమీటర్ల మచ్చలను ఎక్స్‌రే వదిలేసినా సి.టి. వదలదు. ఎం.ఆర్.ఐ. నీటితిత్తులను అద్భుతంగా చూపుతుంది, రేడియేషనూ లేదు. కానీ ఊపిరికి కిడ్నీ కదులుతూ ఉంటుంది, మత్తు చాలాసేపు ఇవ్వాలి, ఖర్చూ ఎక్కువే. ఈ జబ్బులో దాని అవసరం తక్కువ.

పోలికలున్న జబ్బులను విడదీయడమే చదివేవారి నేర్పు. బుల్ టెరియర్లలో వంశపారంపర్యంగా వచ్చే పాలిసిస్టిక్ కిడ్నీలోనూ రెండు వైపులా తిత్తులే, కానీ గట్టి కణితులుండవు. లింఫోమా కూడా రెండు కిడ్నీలనూ పట్టి ఉబ్బిస్తుంది, అయితే సాధారణంగా తిత్తులు కట్టదు. వంశంతో సంబంధం లేకుండా వచ్చే కిడ్నీ క్యాన్సర్ ఎక్కువగా ఒకవైపే, ఒకటే పెద్ద గడ్డగా ఉంటుంది. మూత్రం దారి మూసుకుపోయి ఉబ్బిన కిడ్నీలో నలుపు మధ్యభాగంలో ఒక్కటిగా ఉంటుంది, విడివిడి గుంటలుగా ఉండదు. జర్మన్ షెపర్డ్‌లో రెండువైపులా తిత్తులు, వాటి మధ్య గట్టి కణితులు, ఒంటిమీద నార బుడిపెలు మూడూ కలిసి కనిపిస్తే మరో జబ్బును వెతకాల్సిన పని దాదాపు లేదు. ఆ పరిస్థితిలో కిడ్నీలోకి సూది గుచ్చి ద్రవం లాగాలన్న తొందర మంచిది కాదు. రక్తం కారవచ్చు, క్యాన్సర్ కణాలు సూది దారిలో జారవచ్చు. పైగా తిత్తి ద్రవంలో కణాలు దొరకకపోయినంత మాత్రాన జబ్బు లేదని అర్థం కాదు. చర్మపు బుడిపె ముక్క పరీక్షే ఇంతకంటే సులువు, క్షేమం.

ఇంతవరకు చెప్పిన పద్ధతులన్నీ ఉన్నదాన్ని చూపుతాయి, రాబోయేదాన్ని చూపలేవు. ఈ జబ్బులో అసలు ఇబ్బంది అక్కడే ఉంది. జర్మన్ షెపర్డ్‌లను సాధారణంగా రెండు మూడేళ్ల వయసు నుంచి జత కట్టిస్తారు. ఆ వయసులో కిడ్నీలు స్కానింగ్‌లో నిర్మలంగా ఉండవచ్చు. బుడిపె చేతికి తగిలేసరికి చెడ్డ ప్రతి ఉన్న మగకుక్క పిల్లలు ఊళ్లు దాటి పోయి ఉంటాయి. ప్రతి పిల్లకూ చెడ్డ ప్రతి చేరే అవకాశం సగానికి సగం. ఎనిమిది పిల్లల ఈతలో సగటున నాలుగింటికి జబ్బు రాసిపెట్టి ఉన్నట్టే. పేరుమోసిన మగకుక్క ఒకటి డజన్ల ఈతలకు తండ్రి కాగలదు. అందువల్ల రెండేళ్ల వయసులో తీసిన అల్ట్రాసౌండ్ రిపోర్టును పట్టుకుని ఈ కుక్క వంశం శుభ్రమని చెప్పడం అర్థంలేని మాట. యంత్రం ఎంత గొప్పదైనా ఇంకా పుట్టని తిత్తిని చూపలేదు.

జన్యుపరీక్ష వచ్చాక ఆ బాధ్యత స్కానింగ్ నెత్తిమీంచి దిగింది. చెంప లోపల దూదిపుల్లతో తుడిచిన కణాలతోగానీ, కొద్ది రక్తంతోగానీ, కుక్కపిల్ల ఏ వయసులో ఉన్నా ఆ ఒక్క అక్షరం మారిందో లేదో చెప్పేయవచ్చు. మారిన కుక్కను జత కట్టించకపోతే ఆ వంశంలో జబ్బు ఒక్క తరంలో ఆగిపోతుంది. బహిర్గత జబ్బులకున్న సౌలభ్యం ఇదే. అంతర్గత జబ్బుల్లోలాగా పైకి కనబడకుండా దాగి తరాలు దాటే అవకాశం లేదు.

అప్పుడిక స్కానింగ్ పనేమిటి? జన్యువు చెడిందని తేలిన కుక్కను గమనిస్తూ ఉండటం. ఏడాదికో ఆరు నెలలకో ఒకసారి అల్ట్రాసౌండ్ చేసి, ప్రతి పెద్ద తిత్తినీ కొలిచి, ఏ కిడ్నీలో ఏ కొన దగ్గర ఉందో రాసుకుంటే పెరుగుదల వేగం తెలుస్తుంది. ఒకే చోట, ఒకే దిశలో కొలవకపోతే ఆ అంకెలను పోల్చి లాభం లేదు. మనుషుల బర్ట్-హాగ్-డ్యూబే జబ్బులో అతిపెద్ద కణితి మూడు సెంటీమీటర్లకు చేరేదాకా ఆగి, ఆ తర్వాత కణితిని మాత్రమే తీసి కిడ్నీని కాపాడతారు. మూడు సెంటీమీటర్లన్న హద్దును కుక్కకు ఉన్నదున్నట్టు బదలాయించడం కుదరదు. కుక్క కిడ్నీయే చిన్నది. కణితులు రెండువైపులా, లెక్కకు మిక్కిలిగా ఉంటాయి కాబట్టి ఒక కిడ్నీ తీసేసినా రెండోదానిలో జబ్బు అలాగే ఉంటుంది. ఆపరేషన్‌కు అర్థం ఉండేది ఒకవైపు కణితి నుంచి రక్తం ఆగకుండా కారుతున్నప్పుడో, తిత్తి చీముపట్టినప్పుడో. అప్పుడు రెండో కిడ్నీలో మంచి కణజాలం ఎంత మిగిలిందో ముందుగా చూపేది మళ్లీ సి.టి.నే. మిగతా కుక్కలకు ఆహారం, నీరు, రక్తపోటు, నొప్పి చూసుకుంటూ నెట్టుకురావడమే చికిత్స.

జన్యుపరీక్షకూ ఒక హద్దు ఉంది. అది వెతికేది జర్మన్ షెపర్డ్‌లో దొరికిన ఆ ఒక్క మార్పునే. ఇలాంటి నార బుడిపెలు అప్పుడప్పుడు ఇతర జాతుల్లోనూ, సంకర కుక్కల్లోనూ కనిపించాయి. వాటిలో ఆ అక్షరం మారలేదని పరీక్ష చెప్పినా, అదే జన్యువులో మరోచోట మార్పు లేదని కాదు. అటువంటి కుక్కకు రెండు కిడ్నీలనూ కొన నుంచి కొన దాకా అల్ట్రాసౌండ్ చేసి, అనుమానం మిగిలితే కాంట్రాస్ట్ సి.టి. తీసి, ఏమీ కనబడకపోయినా కొన్నాళ్లకు మళ్లీ చూడటం ఒక్కటే దారి.